గొంతు వాటం

బావగారి లెక్కలో మనిషంటే రెండు చివరలా తెరుచుకున్న ఒక గొట్టం. పై చివర నోరు. కింది చివర సంగతి అందరికీ తెలిసిందే. మధ్యలో ఎన్ని వంపులున్నా సరే, వాటం కుదిరితే పైన వేసింది దానంతటదే కిందకి జారుకుంటూ పోతుందని ఆయన నమ్మకం. ఇరవై ఆరేళ్ళుగా పైపుల షాపు నడుపుతూ, ఊళ్ళో సగం స్నానాల గదులకి వాటం చూసిన మనిషికి అలాంటి నమ్మకం కలగడంలో వింతేమీ లేదు. దాన్ని తీసుకొచ్చి కన్నతండ్రి గొంతులో దించడమే వింత.

ఆ ఇంటి చిన్నకోడలు పదిహేడేళ్ళ కిందట జంతుశాస్త్రంలో డిగ్రీ పుచ్చుకుని ఆ గుమ్మంలో అడుగుపెట్టింది. ఆ చదువు ఇన్నేళ్ళలో ఇంటికి ఎందుకైనా పనికొచ్చిందంటే, ఆమె సింకు దగ్గర చేప కడుగుతున్నప్పుడల్లా "ఏమ్మా జువాలజీ, ఇది మగదా ఆడదా?" అని బావగారు వేళాకోళం ఆడటానికే. పదిహేడేళ్ళుగా అదే హాస్యం. ఆయన షాపులో సరుకైనా ఏడాదికోసారి మారుతుంది.

మావగారు చేతనైనన్నాళ్ళు దర్జీ. ఆయన కుట్టిన చొక్కా చిరిగిపోతుందే తప్ప కుట్టు వదలదని పేరు. మూడు నెలల కిందట ఓ ఉదయం పళ్ళు తోముకుంటూ తోముకుంటూ పక్కకి ఒరిగిపోయాడు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు చాలావరకు తిరిగొచ్చాయి. మాట నెమ్మదిగానైనా వచ్చింది. గొంతే పూర్తిగా దారికి రాలేదు. మింగేటప్పుడు ముద్దలో కొంత, నీళ్ళలో కొంత తప్పుదారి పట్టి గాలిగొట్టంలోకి పోయేది. రెండుసార్లు ఊపిరితిత్తులకి నెమ్ము చేసి ఆసుపత్రిలో పడుకున్నాడు. మూడోసారి గనక వస్తే నోటి తిండి ఆపేసి ముక్కులోంచి గొట్టం వేస్తామని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. పక్క మంచం మీది మనిషికి ఆ గొట్టం ఉండటం మావగారు వారం రోజులు చూశాడు. పాలరంగు ద్రవం అందులోంచి దిగుతుంటే ఆ మనిషి గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇంటికొచ్చాక మావగారు అడిగిన మొదటి మాట, "నాకది వెయ్యరు కదా?"

ఆసుపత్రిలో మింగడం నేర్పడానికే ఒకమ్మాయి ఉంది. మావగారు ఆమెకి మింగుడు పంతులమ్మ అని పేరు పెట్టాడు. ఇంటికి పంపేటప్పుడు ఆమె ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసిచ్చింది. నిటారుగా కూర్చోబెట్టాలి. మింగేటప్పుడు గడ్డం ఛాతీవైపు దించాలి. నీళ్ళు చిక్కబరిచి చెంచాతో పట్టాలి. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. ఇంకో మాట నోటితో చెప్పింది, నెల తిరక్కుండా మింగుడు పరీక్షకి తీసుకురమ్మని.

బావగారు ఆ కాగితాన్ని తిరగేసి, వెనక ఖాళీగా ఉందని సంతోషించి, దానిమీద తండ్రి లోపలి పైపులైను గీశాడు.

పటం చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, అది మనిషిది కాకపోతే. నోటి దగ్గర గరాటు, అక్కడ మలుపుకి ఎల్బో, గొంతు నిట్టనిలువు పైపు, పొట్ట ట్యాంకు, పేగులు మెట్లుమెట్లుగా కిందకి దిగే బెండులు. అడుగుకి పావు అంగుళం వాటం అని పక్కన అంకె కూడా వేశాడు. దాన్ని వంటగది గోడకి అంటించి, షాపులో మిగిలిన పైపులతో, ఒక చెక్కతో వాలుకుర్చీ చేయించాడు. అందులో కూర్చుంటే తల వెనక్కి వాలి గడ్డం పైకప్పును చూస్తుంది. గొంతు తిన్నగా సాగుతుంది. బుడగ ఆడే లెవెల్ కర్రని తండ్రి మెడ పక్కన ఆనించి, ఒక కన్ను మూసి చూసి, "ఇప్పుడు కుదిరింది" అన్నాడు.

రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకి ఆయన షాపు వదిలి ఇంటికొచ్చి తండ్రికి తన చేత్తోనే తినిపించేవాడు. ప్రేమ లేదని చిన్నకోడలు ఎన్నడూ అనుకోలేదు. ప్రేమతో పాటు కాస్త భయం కూడా ఉండి ఉంటే బాగుండేదనుకునేది. గడ్డం పైకి, నోట్లో ముద్ద, దాని వెనకే గ్లాసు నీళ్ళు. ఆ నీళ్ళకి ఆయన పెట్టుకున్న పేరు ఫ్లష్. మావగారు కళ్ళెర్రబడేలా దగ్గితే, "దగ్గనీ. లైను క్లియరవుతోంది," అనేవాడు. పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడ్డ ఆయన భార్య అవునవునని తల ఊపేది. ఆమె తల ఊపని రోజు చిన్నకోడలికి తెలిసి ఒకటే, ఆ రోజు మెడ పట్టేసింది.

చిన్నకోడలి భర్త బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఇంట్లో మాత్రం టైముకి నోరు విప్పిన పాపాన పోలేదు. మీ అన్నయ్య చేస్తున్నది తప్పని ఆమె చెబితే, అన్నయ్యకి పైపుల గురించి తెలియనిదేముంది అన్నాడు. అవి పైపులు కావంటే, మరేమిటని అడిగాడు. ఆమె చెప్పబోయేసరికి బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు.

ఉదయం, సాయంత్రం మావగారికి తిండి పెట్టే పని ఆమెదే. కాగితం గోడకి అంటుకుపోయినా దానిమీది నాలుగు ముక్కలూ ఆమెకి కంఠతా వచ్చు. మామూలు కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, మెత్తగా మెదిపిన బంగాళాదుంప చిన్న చెంచాతో పెట్టి, గడ్డం దించమనేది. ఒక ముద్దకి రెండుసార్లు మింగించేది. నీళ్ళు గంజిలా చిక్కబరిచి పట్టేది. క్యాలెండరులో తేదీ కింద పెన్సిలుతో చుక్కలు పెట్టేది, దగ్గుకి ఒక్కో చుక్క. ఉదయం చుక్కలు లేవు. మధ్యాహ్నం ఏడు. సాయంత్రం ఒకటి. మర్నాడు ఉదయం లేవు, మధ్యాహ్నం తొమ్మిది. పది రోజులు అలా పెట్టి ఆ క్యాలెండరు బావగారికి చూపించింది. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి చూసి, మధ్యాహ్నం లైనులో ఒత్తిడి ఎక్కువగా ఉంటుందన్నాడు. మేడ మీది నీళ్ళ ట్యాంకు కూడా అంతేనట.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో వాదించవచ్చు. కుందేలునే పైపనే మనిషితో ఏం వాదిస్తాం.

పదకొండో రోజు మధ్యాహ్నం ఫ్లష్ అయ్యాక మావగారు దగ్గలేదు. బావగారు గర్వంగా చూశాడు. చిన్నకోడలు మాత్రం దగ్గరికొచ్చి చెవి ఒగ్గింది. మావగారి గొంతు తడిగా, గురగురమంటూ పలుకుతోంది, నోట్లో నీళ్ళు పెట్టుకుని మాట్లాడినట్టు. తప్పుదారి పట్టింది లోపలే ఉండిపోయింది, దగ్గి తోసేసే ఓపిక కూడా గొంతుకి లేదన్నమాట. సాయంత్రానికి ఒళ్ళు కాస్త వెచ్చబడింది. థర్మామీటరులో ఒక గీత ఎక్కువ. మూడోసారికి అది మొదటి గుమ్మం.

మర్నాడు ఆదివారం. అందరూ ఇంట్లోనే ఉన్నారు. టిఫిన్లయ్యాక ఆమె, మావగారిని మింగుడు పరీక్షకి తీసుకెళ్ళాలని, రేపే వెళ్ళాలని చెప్పింది. బావగారు కుదరదన్నాడు. పరీక్ష అంటూ పిలిచి గొట్టం వేసి పంపుతారని, ఆసుపత్రుల సంగతి తనకి తెలుసని, నా చేతిలో ఉన్నంతకాలం నాన్నకి గొట్టం పడదని అన్నాడు. గొట్టం అన్న మాట వినగానే మావగారు మంచం పట్టె పట్టుకుని, "వద్దు, పరీక్ష వద్దు," అన్నాడు. ఇది ఆమె ఊహించలేదు. ముసలాయన ఆ వాలుకుర్చీని ఇన్నాళ్ళు ఎందుకు భరిస్తున్నాడో ఆమెకి అప్పుడే అర్థమైంది. గొట్టం పడదని మాటిచ్చింది పెద్దకొడుకొక్కడే. తను చుక్కలు పెట్టడమే తప్ప ఆయనకి ఏ మాటా ఇవ్వలేదు.

ఆమె చేతిలోని గిన్నె కింద పెట్టి పక్కనే ఉన్న వంటగదిలోకి, గోడ మీది పటం దగ్గరికి వెళ్ళింది. బావగారు, తోటికోడలు వెనకే వచ్చారు.

"బావగారూ, ఈ పెద్దపేగు ఎక్కడ మొదలవుతుందో ఒకసారి చూపిస్తారా?"

"ఇదిగో, ఇక్కడ. నేరుగా కిందకి."

"కాదండీ. కుడిపక్క పొట్ట కింద మొదలై జానెడు పైకి ఎక్కుతుంది. అక్కణ్ణుంచి అడ్డంగా పోయి, ఎడమపక్కకొచ్చాక అప్పుడు దిగుతుంది. మీ వాటమే నిజమైతే పొద్దున్నే బాత్రూము దగ్గర మనమంతా వరస కట్టక్కర్లేదు."

తోటికోడలు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది. బావగారు మాత్రం కంగారుపడలేదు. "పుస్తకంలో కాగితం చాలక అలా మడిచి వేస్తారమ్మా," అన్నాడు. "నువ్వది నిజమనుకున్నావు."

అంతటితో ఆమె ఆయనతో మాట్లాడటం మానేసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే కొరకడానికేమో అనుకుంటాడని సామెత. ఈయన దానికి ఎల్బో బిగిస్తాడు.

ఆమె ముందుగదిలోకి తిరిగొచ్చి మావగారి మంచం మీద కూర్చుంది. పక్కనే ఆయన పైజామా ఉంది, ఉతుకులో నాడా ఊడివచ్చింది. నాడా కొసకి పిన్నీసు గుచ్చి, నడుము పట్టీలోకి దూర్చి, ఆయన చేతికిచ్చింది.

"మావయ్యగారూ, నాడా ఎక్కించేటప్పుడు పిన్ను దానంతటదే జారుతుందా?"

ముసలాయన ఆమెని జాలిగా చూశాడు. దర్జీని అడగాల్సిన ప్రశ్న కాదది. "జారదు. వెనక గుడ్డ కుచ్చుపట్టి, ముందుకి తొయ్యాలి."

"పైకి పోవాలంటే?"

"పైకే తొయ్యాలి. ఏముంది."

"గొంతూ అంతేనండి. మీరు నమిలిన ముద్ద వెనక కుచ్చుపడుతుంది, ముందు వదులవుతుంది. అలా తోసుకుంటూ తోసుకుంటూ పొట్టలో పడేస్తుంది. కింద ఇరవై అడుగుల పేగు ఉంది, అక్కడా ఇదే పని. జారేది ఎక్కడా లేదు."

మావగారి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు అలవాటు కొద్దీ పట్టీలో పిన్నుని తడిమి, కుచ్చుపట్టి, ఒక అంగుళం ముందుకి తోశాయి. ఇంకో అంగుళం. ఆయన ముఖంలో ఏదో కదిలింది.

గుడ్డ వేరు, గొంతు వేరు అన్నాడు బావగారు. నీళ్ళు ఎత్తుకి పారవన్నాడు. ఏ వస్తువూ పారదన్నాడు. చిన్నవాడివైపు తిరిగి, నీ పెళ్ళానికి చెప్పరా అన్నాడు. చిన్నవాడు గోడ గడియారం వైపు చూశాడు.

చిన్నకోడలు లేచి పళ్ళెంలోంచి అరటిపండు తీసుకుని వలిచింది. ఒక ముక్క నోట్లో పెట్టుకుని బాగా నమిలింది. దాన్ని బుగ్గన పెట్టుకుని, మావగారి మంచానికి అడ్డంగా వెల్లకిలా పడుకుని, భుజాల దాకా తల కిందకి వేలాడేసింది. జుట్టు నేలని తాకింది. బావగారి ఎదుట గట్టిగా నవ్వి కూడా ఎరగని కోడలు, నలభై ఏళ్ళ మనిషి, ఇంటిల్లిపాది ముందు మంచం అంచున గబ్బిలంలా వేలాడుతోంది. కిందనుంచి చూస్తే బావగారు పైకప్పుకి అతుక్కున్న పైపులా కనిపించాడు. ఆమె నోరు మూసి మింగింది. గొంతు ముడి ఒకసారి కదిలింది. ముద్ద నెమ్మదిగా, మొండిగా, నేల నుంచి పొట్టవైపు ఎక్కడం ఆమెకి తెలిసింది. పూర్తిగా ఎక్కాక నోరు తెరిచి చూపించింది.

తోటికోడలు వంగి ఆ నోట్లోకి చూసింది. పదిహేడేళ్ళలో మొదటిసారి భర్తని అడక్కుండా తీర్పు చెప్పింది.

"ఎక్కిందండీ. ఏమీ లేదు లోపల."

మావగారు నవ్వాడు. ముఖం ఒక పక్కే నవ్వుతుంది ఆయనకి, అయినా అది నవ్వే. చిన్నకోడలు లేచి జుట్టు ముడేసుకుని, ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చుంది.

పొట్టకి పంపడానికి వాటం అక్కర్లేదని, చిక్కంతా గొంతు మొదట్లో ఈ నాలుగు వేళ్ళ మేరలోనే ఉందని చెప్పింది. అక్కడ రెండు దారులు పక్కపక్కనే ఉంటాయి. ముందున్నది గాలిది, వెనకున్నది తిండిది. మింగే క్షణంలో గాలిదారి తలుపు మూసుకోవాలి. ఆయన తలుపు నీరసపడింది. గడ్డం పైకెత్తితే అది ఇంకా వెడల్పుగా తెరుచుకుంటుంది, అది మూసుకునేలోపే నీళ్ళు లోపలికి పరుగెత్తుతాయి. ఎంత మూసుకుంటోందో లోపలికి చూస్తే తప్ప ఎవరూ చెప్పలేరు, తనతో సహా.

"చూసి గొట్టం వేస్తారా?" అన్నాడు ఆయన.

అబద్ధం ఆడటం తేలిక. ఆ ఇంట్లో ఆ పని చేయడానికి వేరే మనిషి ఉన్నాడు.

"చూశాక అవసరమైతే వేస్తారు, మావయ్యగారూ. చూడకపోతే మాత్రం తప్పకుండా వేస్తారు."

ఆయన పైజామా పట్టీలో మిగిలిన అంగుళాలు కూడా పిన్నుని తోసేశాడు. నాడా రెండో కొస బయటికి లాగి, రెండు కొసలూ సమంగా ఉన్నాయో లేదో చూసుకుని, "రేపు పోదాం," అన్నాడు.

"నాన్నా, నేను చెప్పేది..." అన్నాడు బావగారు.

"నువ్వు నోరుమూసుకోరా. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడేలా ఉంది."

సోమవారం ఆసుపత్రికి బావగారు కూడా వచ్చాడు. మోసం జరిగితే పట్టుకోవాలి కదా. చీకటిగదిలో ఒక కుర్చీ, ఎదురుగా ఎక్స్‌రే తెర. మింగుడు పంతులమ్మ సుద్దపిండి కలిపినట్టున్న తెల్లటి ద్రవం చెంచాలో తీసుకుంది. మావగారి తల, దవడ ఎముక, మెడ పూసలు తెర మీద బూడిదరంగులో కనిపిస్తున్నాయి. తినిపించేటప్పుడు ఇంట్లో తల ఎలా పెడతారని ఆమె అడిగింది. బావగారు ముందుకొచ్చి, తండ్రి గడ్డం రెండు వేళ్ళతో పైకెత్తి, కొలత సరిచూసుకుని వెనక్కి జరిగాడు.

చెంచాలో తెల్లగా ఉన్నది తెర మీద నల్లగా కనిపించింది. అది నాలుక మీంచి వెనక్కి పోయింది, గొంతు అంచున ఒక క్షణం ఆగింది, దారంలా సన్నగా సాగి ముందు దారిలోకి జారింది. కిందకి, ఇంకా కిందకి. చక్కటి వాటం. మావగారు కనీసం దగ్గనైనా లేదు.

"ఇది ఊపిరితిత్తుల్లోకి పోతోంది," అంది పంతులమ్మ మామూలుగా. "ఇప్పుడు గడ్డం దించండి, తాతగారూ. ఇది కాస్త చిక్కటిది."

గడ్డం దిగింది. నల్లటి ముద్ద వెనక్కి పోయింది. తలుపు దాని ముందు ముడుచుకుంది. ముద్ద పక్కనుంచి తప్పుకుని వెనక దారిలో పడింది, దాని వెనక గొంతు కుచ్చుపట్టి తోసింది, మళ్ళీ తోసింది. అంగుళం తర్వాత అంగుళం. ముందు దారిలో ఒక్క చుక్క లేదు.

చిన్నకోడలు తెర వైపు కాదు, బావగారి వైపు చూసింది. ఆయన చెయ్యి తనకి తెలియకుండానే తన గొంతు మీదికి వెళ్ళింది. ఎన్ని మధ్యాహ్నాలు, ఎన్ని గ్లాసులు అని ఆయన లెక్కపెట్టుకుంటున్నట్టే ఉంది. ఆ క్షణంలో ఆమెకి ఆయన మీద జాలి కలగబోయింది. ఇంకో నిమిషం ఆయన అలాగే నిలబడి ఉంటే కలిగి ఉండేది కూడా.

లిఫ్టు దిగేలోపు ఆయన కోలుకున్నాడు.

"నాన్-రిటర్న్ వాల్వు," అన్నాడు. "నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను. లోపల వాల్వు లీకవుతోంది. వంచితే గాని కూర్చోదు."

ప్రస్తుతానికి గొట్టం అక్కర్లేదని, ఆ ఒళ్ళు వెచ్చదనానికి మాత్రలు వాడి, గడ్డం దించి చిక్కటివి తినిపిస్తూ నెల తర్వాత మళ్ళీ చూద్దామని డాక్టరు అన్నాడు. వారంలో వెచ్చదనం పోయింది. వాలుకుర్చీ షాపుకి చేరి పైపులు ఆనించే స్టాండు అయింది. ఇప్పుడు మధ్యాహ్నాలు బావగారే, "గడ్డం, నాన్నా. వాల్వు మూసుకోవాలి," అంటూ చెంచా పడుతున్నాడు. షాపుకొచ్చిన వాళ్ళకి మనిషి గొంతులోని వాల్వు గురించి ఉపన్యాసం ఇస్తున్నాడట. మా మరదలికి కూడా నేనే నేర్పానని చెప్పినట్టు భర్త ఇంటికొచ్చి చెప్పాడు. చెప్పి, ఆమె ముఖం చూసి, బూట్ల దగ్గరికి వెళ్ళాడు.

ఆమెకి కోపం రాలేదు. కోపం సమానుల మీద వస్తుంది.

క్యాలెండరులో మధ్యాహ్నాల కింద చుక్కలు మూడయ్యాయి, తర్వాత ఒకటి, తర్వాత ఏమీ లేవు. ఆ ఖాళీ గళ్ళు వరసగా అయిదు వచ్చిన రోజున, తోటికోడలు మావగారికి రెండోసారి బంగాళాదుంప మెదుపుతుంటే, చిన్నకోడలు గోడ మీది కాగితాన్ని గోరుతో మూలల్లో లేపి తీసింది. పైపులైను వైపంతా దట్టంగా జిగురు పూసి, ట్యాంకు మీద, బెండుల మీద, పావు అంగుళం వాటం మీద ఒక్క చోటు వదలకుండా పూసి, గోడకేసి అరచేత్తో గట్టిగా అదిమింది. పంతులమ్మ రాసిన నాలుగు ముక్కలూ బయటికొచ్చాయి.

"ఆయన చూస్తే?" అంది తోటికోడలు.

"చూస్తే చదువుకుంటారు, అక్కా."

ముందుగదిలోంచి మావగారి గొంతు వినిపించింది. తడి లేదు, గురగుర లేదు. పొడిగా, స్పష్టంగా, కొంచెం విసుగ్గా ఉంది.

"ఏం చేస్తున్నారే ఇద్దరూ? ఇంకో చెంచా పెట్టండి."